కాపరి పిలుపు, వనకన్య జవాబు: పాస్టొరల్ కవితల్లో ప్రేమను పోల్చి చదవడం ఎలా

1600లో ఇంగ్లండ్‌లో అచ్చయిన ‘ఇంగ్లండ్స్ హెలికాన్’ అనే సంకలనంలో రెండు కవితలు పక్కపక్కనే ఉంటాయి. మొదటిదాంట్లో ఒక గొర్రెల కాపరి తను ప్రేమించిన అమ్మాయిని పిలుస్తాడు: వచ్చి నాతో ఉండిపో, లోయలూ కొండలూ పొలాలూ ఇచ్చే సుఖాలన్నీ చవిచూద్దాం. రెండోదాంట్లో ఆ అమ్మాయి (ఆమెను వనకన్య అందాం) అతని మాటలే తీసుకుని అతనికే తిప్పికొడుతుంది. మొదటిది (‘ది ప్యాషనేట్ షెపర్డ్ టు హిజ్ లవ్’) ఆనాటి కవి, నాటకకర్త క్రిస్టఫర్ మార్లో రాసింది. రెండోది (‘ది నింఫ్స్ రిప్లై టు ది షెపర్డ్’) సర్ వాల్టర్ రాలీ పేరు మీద చలామణీ అవుతోంది.

ఈ రెండింటినీ పోల్చమనగానే చాలామంది రాసేది ఒకటే: మార్లో ఆశావాది, రాలీ నిరాశావాది, ఒకరిది కల, ఒకరిది నిజం. నాలుగు వాక్యాల్లో సరుకు అయిపోతుంది. డిగ్రీలో నేనూ అదే చేశాను. రెండు నిలువు గడులు గీసి, ఎడమవైపు ‘ఆదర్శం’, కుడివైపు ‘సందేహం’ అని రాసి నింపేశాను. దిద్దిన మాస్టారు కింద ఒక్క మాట రాశారు: “మరి కవితలేవీ?” ఆ గడుల జోలికి పోకుండా, కలగనేవాడి కవితలో ఎక్కడ బీట ఉందో, కాదన్నదాని కవితలో ఎక్కడ ఆశ ఉందో పట్టుకునే పద్ధతి ఇది. రెండు కవితలూ చిన్నవే, ఇరవై నాలుగేసి పాదాలు. ఒక సాయంత్రం చాలు.

మొదటి అడుగు: మీ చేతిలో ఉన్నది ఏ పాఠమో చూసుకోండి

పాఠం అంటే ఇక్కడ కవిత అచ్చయిన రూపం. దాన్ని చూసుకోవడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ, తర్వాత మీరు చేసే వాదన దీని మీదే నిలబడుతుంది. 1599లో వచ్చిన ‘ది ప్యాషనేట్ పిల్‌గ్రిమ్’ అనే పుస్తకంలో కాపరి కవితకు నాలుగు చరణాలే ఉన్నాయి, జవాబుకు ఒక్కటే. పైగా ఆ పుస్తకం టైటిల్ పేజీ మీద షేక్‌స్పియర్ పేరు ఉంటుంది. 1600 నాటి పాఠంలో రెండింటికీ ఆరేసి చరణాలు. అక్కడ కాపరి కవిత కింద మార్లో పేరుంది, జవాబు కింద మాత్రం ‘ఇగ్నోటో’, అంటే అజ్ఞాత కవి. అది రాలీదని రాసింది ఐజాక్ వాల్టన్, 1653లో, చేపలు పట్టడం మీద తను రాసిన ‘ది కంప్లీట్ యాంగ్లర్’ అనే పుస్తకంలో. అందుకే “రాలీదిగా చెప్పే జవాబు” అని రాయడం పద్ధతి. ఆ తర్వాతి కొన్ని ప్రతుల్లో వెండి పళ్ళేల గురించి కాపరికి ఒక చరణం, దానికి జవాబుగా వనకన్యకు ఇంకో చరణం అదనంగా చేరాయి. ఈ అదనపు చరణాన్ని గుర్తుంచుకోండి, కాసేపట్లో దీంతో పని పడుతుంది. ఇక్కడ నేను వాడుతున్నది ఆరు చరణాల పాఠం.

రెండో అడుగు: ఈ ఆట ఎక్కడిదో కొంచెం తెలుసుకోండి

పాస్టొరల్ అంటే కాపరుల కవిత్వం, కానీ కాపరులు రాసిన కవిత్వం కాదు. చదువుకున్న కవులు కాపరి వేషం కట్టి రాసినది. మొదలు గ్రీకు కవి థియోక్రిటస్, క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం. ఆయన కవితలో ఒంటికన్ను రాక్షసుడు పాలిఫీమస్ సముద్రకన్య గలటియాను పిలుస్తూ తన మందల గురించి, పాల గురించి, జున్ను గురించి గొప్పలు చెప్పుకుంటాడు. ఆమె రాదు. రోమన్ కవి వర్జిల్ రెండో ఎక్లోగ్‌లో (ఎక్లోగ్ అంటే కాపరుల పాటగా రాసిన చిన్న కవిత) కోరిడాన్ అనే కాపరి కూడా తను ప్రేమించిన కుర్రాడికి పూలూ పళ్ళూ ఇస్తానని పాడి పాడి, చివరికి ‘నువ్వు పల్లెటూరి మొద్దువి కోరిడాన్, నీ కానుకలు అతనికి అక్కర్లేదు’ అని తనను తానే తిట్టుకుంటాడు.

మనకు కావలసిన సంగతి ఇందులోనే ఉంది. సందేహం బయటినుంచి వచ్చి పాస్టొరల్‌ను పాడుచేయలేదు. కానుకల జాబితా పుట్టినప్పుడే అది తిరస్కరణ పక్కన పుట్టింది. మార్లో చేసిన తమాషా ఏమిటంటే, ఆ తిరస్కరణను కత్తిరించి పిలుపును మాత్రం ఉంచాడు. ఆ ఖాళీలోకి జవాబు వచ్చి కూర్చుంది.

మూడో అడుగు: సర్వనామాలు లెక్కపెట్టండి

తెలుగువాళ్ళకు ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. కాపరి ‘అవర్ ప్రెటీ ల్యామ్స్’ అంటాడు. దాన్ని తెలుగులో చెప్పాలంటే ‘మా గొర్రెపిల్లలు’ అనాలా, ‘మన గొర్రెపిల్లలు’ అనాలా? ఇంగ్లీషులో ఈ ప్రశ్నే రాదు. తెలుగులో తేల్చుకోకుండా వాక్యం ముందుకు సాగదు. కవిత నడక చూస్తే ‘మన’ అనే అనాలి. మొదటి చరణంలోనే ‘వీ విల్’, అంటే మనం చవిచూద్దాం. రెండో చరణంలో మనం రాళ్ళ మీద కూర్చుందాం. ఆమె ఇంకా నోరు విప్పలేదు, అతను అప్పుడే ‘మనం’లోకి వచ్చేశాడు. గొర్రెలు కూడా ఉమ్మడి ఆస్తి అయిపోయాయి.

ఇప్పుడు జవాబు తీసుకుని ‘వీ’, ‘అవర్’ ఎన్నిసార్లు ఉన్నాయో వెతకండి. ఆరు చరణాల్లో ఒక్కసారి కూడా లేవు. నేను, నన్ను, నీతో, నీ. అంతే. నాలుగో చరణం మొదటి రెండు పాదాల్లో ‘దై’ ఆరుసార్లు వస్తుంది: నీ గౌన్లు, నీ చెప్పులు, నీ గులాబీ పాన్పులు, నీ టోపీ, నీ కర్టిల్ (ఆ రోజుల్లో ఆడవాళ్ళు తొడిగే ఒక రకం గౌను), నీ పూలగుత్తులు. అవన్నీ ఆమె కోసం చేస్తానన్నవి. ఆమె వాటిని ముట్టుకోకుండానే ‘నీవి నీ దగ్గరే ఉంచుకో’ అన్నట్టు తిరిగి అతని ఖాతాలో వేస్తుంది. ప్రేమ మీద సందేహం గురించి పేజీలు రాసే బదులు ఈ ఒక్క సంగతి చూపిస్తే చాలు.

వెండి పళ్ళేల పాఠం సంగతి గుర్తుందా? ఆ అదనపు జవాబు చరణంలో ‘వీ’ ఉంది. ఆ పాఠం పెట్టుకుని “జవాబులో మనం అనే మాటే లేదు” అని రాస్తే, చూసేవాళ్ళు మొదటి నిమిషంలో పట్టుకుంటారు.

నాలుగో అడుగు: కానుకలకు పద్దు రాయండి

ఒక కాగితం మీద కాపరి ఇస్తానన్న వస్తువులన్నీ వరసగా రాయండి. గులాబీల పాన్పులు, వెయ్యి పూలగుత్తులు, పూలటోపీ, మర్టిల్ ఆకులు కుట్టిన కర్టిల్, మేలైన ఉన్ని గౌను, చలికి లోపల గుడ్డ వేసిన చెప్పులు, వాటికి మేలిమి బంగారపు బకిల్స్, గడ్డీ ఐవీ మొగ్గలతో అల్లిన నడికట్టు, దానికి పగడాల కొక్కేలు, అంబర్ (రాయిలా గట్టిపడిన చెట్టు జిగురు) బొడిపెలు.

ఒక్కోదాని పక్కన రెండు ప్రశ్నలు వేయండి. ఇది పొలంలో దొరుకుతుందా, కొనాలా? ఇది వాడిపోతుందా, నిలుస్తుందా?

పూలు పొలంలోవి, వాడిపోతాయి. ఉన్ని పొలంలోదే, కొంతకాలం నిలుస్తుంది. బంగారం, పగడం, అంబర్ దగ్గరకు వచ్చేసరికి కాపరి వేషం జారిపోతుంది. అవి సముద్రాలు దాటి వచ్చే సరుకు, రాజు కొలువులో కనిపించేవి. గడ్డితో అల్లిన నడికట్టుకు పగడాల కొక్కెం అనే ఊహ చూడండి, పేదరికానికి నగ పెట్టినట్టుంది. అసలు గొర్రెలైనా అతనివేనా? షేక్‌స్పియర్ ‘యాజ్ యూ లైక్ ఇట్’లో కోరిన్ అనే కాపరి ఉన్నమాట చెప్పేస్తాడు: నేను ఇంకొకరి దగ్గర కాపరిని, నేను మేపే గొర్రెల ఉన్ని నాది కాదు. మార్లో కాపరి ఉన్నిని ‘లాగుతాం’ అంటాడు తప్ప కత్తెర ఊసెత్తడు. గొర్రె వాసన, బురద, కూలి, ఏవీ ఉండవు. ఆదర్శం ఎక్కడుందో అంటే ఆ పూలలో కంటే, ఈ చెప్పకుండా వదిలేసిన వాటిలో ఎక్కువ ఉంది.

ఇప్పుడు అదే పద్దు పట్టుకుని వనకన్య ఏం చేసిందో చూడండి. గౌన్లు, చెప్పులు, పాన్పులు, టోపీ, కర్టిల్, గుత్తులు: వీటన్నింటినీ రెండు పాదాల్లో మూటగట్టి ‘తొందరగా విరుగుతాయి, తొందరగా వాడతాయి, తొందరగా మరపునపడతాయి’ అని మూడో పాదంలో పారేసింది. కాపరి రెండు చరణాలు తీసుకుని ఒక్కోటి మురిపెంగా చూపించిన సరుకు ఇది. ఈ వేగమే ఆమె వెటకారం.

గడ్డి నడికట్టు, పగడం, అంబర్ వచ్చేసరికి ఆమె పద్ధతి మారుతుంది. కాపరి పాదాలు రెండింటినీ దాదాపు మాట మార్చకుండా అప్పజెబుతుంది గానీ, అవి పాడైపోతాయని మాత్రం అనదు. అనలేదు కూడా, పగడం వాడిపోదు కదా. “ఇవేవీ నన్ను కదిలించలేవు” అని ఊరుకుంటుంది. బంగారం పేరైతే జవాబు మొత్తంలో లేనే లేదు. అంటే ‘అన్నీ నశిస్తాయి కాబట్టి వద్దు’ అన్నది ఆమె వాదనలో సగమే. నశించనివి కూడా ఆమెకు వద్దు. చాలా గైడ్లు ఆమె వాదనను ‘కాలం అన్నింటినీ హరిస్తుంది’ అనే ఒక్క ముక్కకు కుదించేస్తాయి, ఈ చరణం వాటికి అడ్డుపడుతుంది. నా దృష్టిలో ఆమె కాదంటున్నది వస్తువులిచ్చి ప్రేమ అడిగే ఆ బేరాన్ని.

ఐదో అడుగు: ‘అయితే’ ఏ రకం అయితే?

రెండు కవితలూ ‘ఇఫ్’ మీద నడుస్తాయి, కానీ అవి ఒకే ‘ఇఫ్’ కాదు. కాపరి చివర్లో అనేది: ఈ సంబరాలు నీ మనసును కదిలిస్తే, వచ్చి ఉండు. జరగడానికి వీలున్న షరతు అది. వనకన్య మొదటి పాదమే జరగని షరతు: లోకమూ ప్రేమా ఎప్పటికీ లేతగానే ఉండేవైతే, ప్రతి కాపరి నాలుక మీదా నిజమే ఉండేదైతే, అప్పుడు వచ్చేదాన్నేమో.

తెలుగులో ‘-తే’ రెండు పనులూ చేస్తుంది కాబట్టి అనువాదంలో ఈ తేడా సులభంగా జారిపోతుంది. కాపరికి ‘నచ్చితే రా’ సరిపోతుంది. వనకన్యకు ‘ఉండేదైతే... వచ్చేదాన్నేమో’ అనే రూపమే కావాలి. ‘ఉంటే వస్తాను’ అని రాశారంటే ఆమెను ఒప్పించేసినట్టే.

ఈ జరగని షరతును రెండు వైపులనుంచీ చూడాలి. ఒకవైపు అది మర్యాదగా చెప్పిన ‘కుదరదు’. ఇంకోవైపు, ఐదో చరణంలో ఖరాఖండిగా కాదన్నాక ఆమె ఆగిపోవచ్చు కదా? ఆగదు. ‘బట్’ అంటూ ఆరో చరణం మొదలుపెడుతుంది: యవ్వనం నిలిచేదైతే, ప్రేమ ఎప్పటికీ పుడుతూనే ఉండేదైతే, సంతోషాలకు గడువు లేకపోతే, ముసలితనానికి అవసరాలు లేకపోతే, అప్పుడు ఈ సంబరాలు నా మనసును కదిలించేవేమో. కవిత ముగిసే మాట ‘కాదు’ కాదు, ‘లవ్’. సందేహం వెనక ఉన్న కోరిక ఇదే. ప్రేమంటే నమ్మకం లేనిదానికి ఇన్ని షరతులు ఊహించుకునే ఓపిక ఎందుకుంటుంది?

కాలం గురించి ఇంకొక్క సంగతి. కాపరి కవితలో ఉన్నది ఒక్క మే నెల ఉదయమే, అదే రోజూ వస్తూ ఉంటుంది. (చలి ప్రస్తావన ఒకే ఒక్కసారి వస్తుంది, చెప్పుల దగ్గర. ఆ బీటను కూడా నోట్ చేసుకోండి.) వనకన్య రెండో చరణంలో కాలం మందలను పొలంనుంచి దొడ్డికి తోలేస్తుంది. అంటే ఆమె కవితలో అసలు కాపరి కాలమే.

ఆరో అడుగు: చెవితో చదవండి

రెండింటికీ ఛందస్సు ఒకటే, ఐయాంబిక్ టెట్రామీటర్ (పాదానికి నాలుగు జతల అక్షరాలు, ప్రతి జతలో రెండోదాని మీద ఊనిక), రెండేసి పాదాలకు అంత్యప్రాస. ఇచ్చిన పాదాన్నే తీసుకుని అర్థం తిప్పేసే సమస్యాపూరణం గుర్తొస్తుంది. పైకి చదివినప్పుడు మీ చెవికి రెండూ ఒకే పాటలా వినిపించాలి, అప్పుడే తేడా కుట్టినట్టు తెలుస్తుంది.

అన్నిటికంటే పదునైన చోటు ‘ఫాల్’ అనే మాట. కాపరి దగ్గర ‘ఫాల్స్’ అంటే నీళ్ళు జాలువారడం, ఆ చప్పుడుకు పక్షులు మాడ్రిగల్స్ (పలు గొంతులు కలిసి పాడే పాటలు) పాడుతుంటాయి. వనకన్య దగ్గర అదే ‘ఫాల్’ చేదు అనే అర్థమున్న ‘గాల్’తో ప్రాస కడుతుంది: తేనె నాలుక, చేదు గుండె, ఊహకు స్ప్రింగ్, దుఃఖానికి ఫాల్. స్ప్రింగ్ అంటే వసంతమూ ఊటా, ఫాల్ అంటే ఆకురాలే కాలమూ పతనమూ. నాలుగు మాటల్లో రెండు రుతువులు, ఒక ఏరు, ఒక కూలిపోవడం. ఇలాంటిచోట తెలుగు అనువాదం ఒక్కటే ఇచ్చి ఊరుకోకండి, మూలం మాటను పక్కనే ఉంచి విప్పి చెప్పండి.

‘ప్రూవ్’ కూడా అలాంటిదే. కాపరి ‘సుఖాలన్నీ ప్రూవ్ చేద్దాం’ అన్నప్పుడు అప్పటి అర్థంలో అది చవిచూడడం, అనుభవించి చూడడం. పరీక్షించడం అనే అర్థం కూడా ఆ మాటలోనే ఉంది. వనకన్య చేసిందల్లా ఆ పరీక్ష పెట్టడమే. మూడో చరణంలోని ‘రెకనింగ్’ అంటే లెక్క, చెల్లించాల్సిన బిల్లు: ఖుషీగా తిరిగిన పొలాలు చలికాలానికి లెక్క అప్పజెప్పాలి. (మార్లో 1593లో డెట్‌ఫర్డ్‌లో కత్తిపోటుకు చనిపోయింది బిల్లు దగ్గర వచ్చిన గొడవలోనేనని శవపంచాయతీ కాగితాల్లో ఉంది. చాలామంది ఈ సంగతిని కవితతో ముడిపెట్టాలని ఉబలాటపడతారు. పడొద్దు.)

ఏడో అడుగు: ఆ పక్షి పేరు

దీనికి విడిగా ఒక అడుగు ఎందుకంటే, చాలామంది దీన్ని దాటేసి వెళ్ళిపోతారు. కాపరి కవితలో పక్షులకు పేర్లు లేవు, ‘కమ్మగా పాడే పక్షులు’ అంతే. వనకన్య ఒక పక్షికి పేరు పెట్టి చెబుతుంది: ఫిలొమెల్ మూగబోతుంది. ఫిలొమెల్ అంటే నైటింగేల్ అని ఫుట్‌నోట్‌లో ఉంటుంది, చలికాలంలో పాడదు అని మనం ముందుకు పోతాం. కానీ ఆ పేరు వెనక రోమన్ కవి ఓవిడ్ ‘మెటమార్ఫసీస్’లో చెప్పిన కథ ఉంది. ఫిలొమెలాను ఆమె అక్క భర్త టీరియస్ చెరిచి, బయటికి చెప్పకుండా నాలుక కోసేస్తాడు. చివరికి ఆమె పక్షిగా మారిపోతుంది.

ఈ కథ ఆ రోజుల్లో చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. ‘ప్రతి కాపరి నాలుక మీదా నిజమే ఉండేదైతే’ అని మొదలుపెట్టిన అమ్మాయి, తర్వాతి చరణంలో నాలుక పోగొట్టుకున్న ఆడదాని పేరు ఎత్తింది. ఆ తర్వాతి చరణంలో మళ్ళీ ‘తేనె నాలుక’. ఇక్కడ సందేహం రుతువుల గురించి మాత్రమే కాదు. తియ్యగా పిలిచిన మగవాడి వెంట అడవిలోకి వెళితే ఏం జరగవచ్చో ఆమెకు తెలుసు.

ఎనిమిదో అడుగు: కవిని, గొంతును విడదీయండి

‘మార్లో ప్రేమను గుడ్డిగా నమ్మాడు’ అని రాయకండి. నమ్మింది కాపరి. మార్లో నాటకం ‘ట్యాంబర్లేన్’లో కాపరిగా పుట్టిన వీరుడు జెనోక్రటీ అనే బందీకి పట్టుబట్టలు, రత్నాలు, సేవకులు ఇస్తానని ఇదే ధోరణిలో ఊదరగొడతాడు, అక్కడ ఆ మాటల వెనక కత్తి ఉంది. ‘ది జ్యూ ఆఫ్ మాల్టా’లో ఇథమోర్ అనే బానిస తనను వాడుకుంటున్న వేశ్య ముందు మైమరచిపోయి, ‘షాల్ట్ లివ్ విత్ మీ అండ్ బీ మై లవ్’ అంటాడు. తన పాదాన్ని తనే ఎగతాళిలో పెట్టగలిగినవాడిని అమాయకుడనడం కష్టం. అలాగే, వనకన్య గొంతు ఆడగొంతే గానీ, రాసింది రాలీ అయితే అది మగవాడు కట్టిన వేషమే.

తొమ్మిదో అడుగు: మూడో గొంతుతో సరిచూసుకోండి

మీ పోలిక గట్టిదో కాదో తెలియాలంటే కవి జాన్ డన్ రాసిన ‘ది బెయిట్’ (ఎర) అనే కవిత తీసుకోండి. 1633లో, ఆయన పోయాక అచ్చయింది. అదే పిలుపుతో మొదలై గొర్రెలను వదిలేసి ఏటి ఒడ్డుకు పోతుంది. పట్టుదారం, వెండి గాలాలు. కొంతదూరం పోయాక తెలుస్తుంది, ఎర ఆ అమ్మాయే, ఆమెకు గాలం అక్కర్లేదు. తగులుకోని చేప నాకంటే తెలివైనది అని ముగిస్తాడు.

ఇది ఆదర్శమా, సందేహమా? వనకన్య కాలాన్ని చూసి అనుమానించింది, డన్ ఆకర్షణనే అనుమానిస్తూ దానికే చిక్కుకుంటాడు. రెండు గడుల పద్ధతిలో ఈ కవితకు చోటే లేదు.

రాసేటప్పుడు

ముందు మీ వాదన ఒక్క వాక్యంలో పెట్టండి. ‘ఈ రెండు కవితలు ప్రేమను వేర్వేరుగా చూస్తాయి’ అన్నది వాదన కాదు, ఎవరూ కాదనరు. ‘కాపరి తన మాటల్లో చోటివ్వని చలికాలాన్ని వనకన్య బయటపెడుతుంది, కానీ అతని కలను పూర్తిగా వదులుకోలేక షరతుల్లో దాచుకుంటుంది’ అంటే ఎవరైనా వాదించడానికి ఏదో ఉంది.

మొదటి సగం మార్లో, రెండో సగం రాలీ అని విడగొట్టవద్దు. సర్వనామాలు, కానుకలు, కాలం: ఒక్కో పేరాలో ఒక్కో సంగతి తీసుకుని రెండు కవితలనూ అక్కడే ఎదురెదురుగా నిలబెట్టండి. అన్నింటికీ సమానంగా చోటివ్వక్కర్లేదు. మీకు పగడాల దగ్గర ఎక్కువ సరుకు దొరికితే అక్కడే రెండు పేరాలు ఉండండి, ఛందస్సును రెండు వాక్యాల్లో ముగించేయండి.

ఎవరు గెలిచారని తీర్పు చెప్పాలా అని టెన్షన్ పడేవాళ్ళకు వాల్టన్ పుస్తకంలోని సన్నివేశం పనికొస్తుంది. అక్కడ పాలు పితికే ఒక అమ్మాయి కాపరి పాట పాడుతుంది. జవాబు పాట పాడేది ఆమె తల్లి. ఆ జవాబును రాలీ తన పడుచు రోజుల్లో రాశాడని వాల్టన్ అంటాడు. రెండు కవితలనూ ఆ తల్లీకూతుళ్ళ గొంతుల్లో ఒకసారి చదవండి. తర్వాత పాటలు మార్చి, పిలుపు తల్లికీ జవాబు కూతురికీ ఇచ్చి మళ్ళీ చదవండి. రెండోసారి ఏయే పాదాలు వేరుగా వినిపించాయో, వాటి దగ్గరే మీ వ్యాసం మొదలుపెట్టండి.